వాతరక్తం (గౌట్): నొప్పిని గుర్తించడం, తిప్పతీగ వాడకంలో జాగ్రత్తలు

రాత్రి బాగానే పడుకున్న మనిషికి తెల్లవారుజామున కాలి బొటనవేలి మొదట్లో భరించలేని నొప్పి వస్తుంది. కీలు ఎర్రబడి, వాచి, వేడిగా ఉంటుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. నాట్ల సమయంలో ఇలా జరిగితే చాలామంది రైతులు కాలు బెణికిందనుకుని నొప్పి బిళ్ల వేసుకుని పొలానికి వెళ్తారు. వారం పది రోజుల్లో తగ్గిపోతుంది కనుక మరచిపోతారు. కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది. ఇది గౌట్ కావచ్చు. దీన్ని పోలిన జబ్బునే ఆయుర్వేదంలో వాతరక్తం అంటారు.

దీనికి తిప్పతీగ మంచిదని విని, గట్టు మీది తీగ తెచ్చి కషాయం కాచుకుంటున్న వారు చాలామంది ఉన్నారు. ఆ మధ్య ఒక రైతు "సార్, ఇది తిప్పతీగేనా?" అని తీగ ముక్క తెచ్చి చూపించారు. కాండం నిండా బొడిపెలు ఉన్నాయి. అది తిప్పతీగ కాదు. అప్పటికే నాలుగు రోజులుగా దాన్నే తాగుతున్నారు. వెంటనే ఆపించి, కాలేయ పరీక్షకు పంపించాను. జబ్బును, మొక్కను రెండింటినీ సరిగ్గా గుర్తించాకే మందు జోలికి వెళ్లాలి.

ఎందుకు వస్తుంది?

మన శరీరంలో తయారయ్యే యూరిక్ యాసిడ్‌ను మూత్రపిండాలు బయటకు పంపుతాయి. అది రక్తంలో ఎక్కువైతే సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకుంటుంది. 40 ఏళ్లు దాటిన మగవారిలో, నెలసరి ఆగిన ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. మద్యం, వేటమాంసం, అధిక బరువు, బీపీకి వాడే కొన్ని మూత్రం బిళ్లలు దీనికి దారి తీస్తాయి. ఎండలో నీళ్లు తాగకుండా పని చేయడం వల్ల కూడా నొప్పి తిరగబెట్టవచ్చు.

పరీక్ష తప్పనిసరి

రక్తంలో యూరిక్ యాసిడ్ పరీక్ష చేయించుకోండి. సాధారణంగా మగవారిలో డెసిలీటరుకు 7 మి.గ్రా. లోపు ఉండాలి. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో ఇది మామూలుగానే కనిపించవచ్చు. అలాంటప్పుడు రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చేయించాలి.

కీలు వాపుతో పాటు జ్వరం, చలి ఉన్నా, కాలికి గాయమో ముల్లో తగిలి ఉన్నా, షుగర్ ఉన్నా ఆలస్యం చేయకండి. అది చీము పట్టడం కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఆయుర్వేదం చెప్పే పథ్యం

చరక సంహిత చికిత్సా స్థానంలో వాతరక్తానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అందులోని ఆహార నియమాలు చాలావరకు నేటి వైద్యుల సలహాకు దగ్గరగా ఉన్నాయి.

• తగ్గించవలసినవి: కల్లు, సారా, బీరు, కార్జం, బోటి వంటి లోపలి భాగాలు, వేటమాంసం, రొయ్యలు, ఎండు చేపలు, కూల్‌డ్రింకులు. ఉలవలు, మినుములు, పులుపు, ఉప్పు ఎక్కువ తినవద్దని ఆయుర్వేదం చెబుతుంది.
• తినదగినవి: కంది, పెసర, శనగ పప్పుల కట్టును చరకుడు ఈ జబ్బుకు మంచిదనే చెప్పాడు. పప్పు పూర్తిగా మానేయమనే మాట సరికాదు.
• పొలానికి వెళ్లేటప్పుడు నీళ్ల సీసా తప్పక తీసుకెళ్లండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగాలి.

నొప్పి ఉన్నప్పుడు కాలికి విశ్రాంతి ఇచ్చి, ఎత్తులో పెట్టి, చల్లని తడిగుడ్డ వేయండి. గట్టిగా మర్దనా చేయడం, వేడి కాపడం పెట్టడం మంచిది కాదు.

తిప్పతీగను గుర్తించడం

వాతరక్తానికి వైద్యులు ముఖ్యంగా వాడే మూలిక తిప్పతీగ. కైశోర గుగ్గులు తయారీలోనూ ఇది ఉంటుంది.

• ఆకు హృదయాకారంలో, తమలపాకును పోలి ఉంటుంది.
• కాండం పై పొర పలుచని కాగితంలా ఊడుతుంది. లోపల ఆకుపచ్చగా ఉంటుంది.
• కాండాన్ని అడ్డంగా కోస్తే బండి చక్రం ఆకుల్లాంటి గీతలు కనిపిస్తాయి.
• తీగ నుంచి దారాల్లాంటి ఊడలు వేలాడతాయి.

కాండం మీద బొడిపెలు ఉండి, కోస్తే పాలు వచ్చే తీగను వాడకండి. అది అదే జాతికి చెందిన వేరే మొక్క, విషపూరితం కావచ్చు. రెండింటికీ తేడా తెలుసుకోవాలని కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ 2022లో హెచ్చరించింది. కలుపు మందు, పురుగు మందు కొట్టిన గట్ల మీది తీగ కూడా వద్దు.

ఇంటి వద్ద వేప చెట్టు ఉంటే తిప్పతీగ పెంచుకోవడం తేలిక. వానలు మొదలయ్యాక రెండు కణుపులున్న, జానెడు పొడవు ముదురు ముక్కను చెట్టు మొదట్లో నాటితే చాలు. కాండం బొటనవేలి లావు అయ్యాక, ఆకు రాలిన కాలంలో కోసి, చిన్న ముక్కలు చేసి నీడలో ఆరబెట్టాలి. అమ్మకం కోసం వేయాలనుకుంటే ముందు కొనేవారిని చూసుకోండి.

వాడేముందు

తిప్పతీగ ఒక్కటే గౌట్‌ను నయం చేస్తుందని నమ్మి కూర్చోవద్దు. మోతాదు, ఎన్నాళ్లు వాడాలి అన్నది ఆయుర్వేద పట్టా ఉన్న వైద్యుడే చెప్పాలి. కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా వాడకూడదు. షుగర్ మందులు వేసుకునే వారికి చక్కెర మరీ పడిపోవచ్చు. కోవిడ్ సమయంలో రోజూ తాగిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు వైద్యులు గుర్తించారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపుగా వచ్చినా వెంటనే ఆపేసి డాక్టరును కలవండి.

డాక్టరు రాసిన యూరిక్ యాసిడ్ బిళ్లలు కషాయం మొదలుపెట్టామని మానేయకండి. రెండూ వాడుతుంటే ఇద్దరు వైద్యులకూ చెప్పండి. పేరు, చీటీ లేని పొట్లాల మందు ఎవరిచ్చినా తీసుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే నొప్పి వెంటనే తగ్గినట్లే ఉంటుంది కానీ షుగర్, బీపీ పెరుగుతాయి. నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. యూరిక్ యాసిడ్‌ను బయటకు పంపేవి ఆ మూత్రపిండాలే కదా!

మొక్క మీద అనుమానం ఉంటే ఆకు, కాండం, ఊడలతో సహా తీగ తెచ్చి మీ వ్యవసాయ అధికారికి చూపించండి. కషాయం కాచే ముందే చూపించండి.