మిథనాల్‌లోని కర్బనం ఎక్కడిది?

మనకు మిథనాల్ పేరు కల్తీసారా చావుల వార్తల్లోనే ఎక్కువగా వినిపిస్తుంది. నిజానికి ప్లైవుడ్ జిగురు మొదలుకొని ఎసిటిక్ ఆమ్లం దాకా ఎన్నో సరుకుల తయారీకి అదే మూలం. దాన్ని ఇప్పుడు పొగగొట్టాల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌తో చేస్తున్నామంటే కొత్త వింతలా అనిపిస్తుంది. కానీ డయాక్సైడ్ మిథనాల్‌గా మారడం దశాబ్దాలుగా జరుగుతూనే ఉంది, చేస్తున్నవాళ్లకే చాలాకాలం తెలియలేదు.

తొలినాళ్లలో కట్టెల్ని గాలి తగలకుండా కాల్చి, వచ్చిన ఆవిరిని చల్లార్చి మిథనాల్ తీసేవారు. 1923లో జర్మనీలోని లొయినాలో బీఏఎస్ఎఫ్ కంపెనీ బొగ్గు వాయువుతో భారీగా తయారీ మొదలుపెట్టింది. జింక్, క్రోమియం ఆక్సైడ్లు ఉత్ప్రేరకం. 300 డిగ్రీలు దాటిన వేడి, వాతావరణ పీడనానికి 250 రెట్లు మించిన ఒత్తిడి కావాల్సొచ్చేది. రాగి ఇంతకంటే చురుకైనదే, కానీ బొగ్గు వాయువులోని గంధకం కాస్త సోకినా చచ్చుబడిపోతుంది. గంధకం తీసేసిన శుభ్రమైన వాయువు నాఫ్తా, సహజవాయువుల నుంచి దొరికాకే రాగికి మంచిరోజులొచ్చాయి. 1966లో ఇంగ్లండ్‌లోని బిల్లింగ్‌హామ్‌లో ఐసీఐ కంపెనీ రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా కలిపిన బిళ్లలతో ప్లాంటు నడిపింది. ఒత్తిడి 50 రెట్లకు, వేడి 250 డిగ్రీల దరిదాపులకు దిగొచ్చాయి.

ఆ ప్లాంట్లలోకి వెళ్లే వాయువులో హైడ్రోజన్‌తోపాటు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ, డయాక్సైడ్ కొద్దిగా ఉండేవి. మోనాక్సైడే మిథనాల్ అవుతోందని చాలామంది నమ్మకం. కాదని సోవియట్ పరిశోధకులు ముందే అన్నారు. 1980లలో ఐసీఐ శాస్త్రవేత్తలు కార్బన్-14 అనే రేడియోధార్మిక కర్బనంతో జాడ తీశారు. మిథనాల్‌లో తేలింది డయాక్సైడ్ కర్బనమే! మోనాక్సైడ్ చేసేది వేరే ఊడిగం. చర్యలో పుట్టే నీటిని పట్టుకుని, మళ్లీ డయాక్సైడ్‌నూ హైడ్రోజన్‌నూ ఇస్తుంది. ఈ ఉత్ప్రేరక చరిత్రలో నాకు అన్నిటికన్నా అబ్బురం కలిగించేది ఈ ఘట్టమే.

నేటి ఇంజినీర్ల తలనొప్పీ అక్కడే ఉంది. డయాక్సైడ్‌ను మాత్రమే పంపితే నీటిని తొలగించే తోడు ఉండదు. ఆ తేమకు రాగి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టి, త్వరగా చురుకు కోల్పోతాయి.

అయినా ప్లాంట్లు వెలిశాయి. నోబెల్ గ్రహీత జార్జ్ ఓలా పేరుతో 2012లో ఐస్‌లాండ్‌లోని స్వార్త్‌సెంగిలో ఒకటి ప్రారంభమైంది. భూగర్భ వేడితో నడిచే విద్యుత్కేంద్రం వదిలే డయాక్సైడ్, నీటిని కరెంటుతో విడగొట్టి తీసిన హైడ్రోజన్ దాని ముడిసరుకులు. 2022లో చైనాలోని అన్యాంగ్‌లో ఏటా 1,10,000 టన్నుల ప్లాంటు మొదలైంది. అక్కడి హైడ్రోజన్ మాత్రం కోక్ బట్టీల వాయువు నుంచి వస్తుంది.

టన్ను మిథనాల్‌కు దాదాపు 1.4 టన్నుల డయాక్సైడ్, 190 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 50 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది, అంటే టన్ను మిథనాల్‌కు 9,000 యూనిట్ల పైమాటే. ఆ కరెంటు బొగ్గు నుంచి వచ్చిందైతే, పట్టుకున్నదానికి ఎన్నో రెట్లు డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అందుకే ఇలాంటి ప్లాంటు వస్తోందన్న వార్త చూసినప్పుడు ఉత్ప్రేరకం గురించి కన్నా ముందు హైడ్రోజన్ ఎక్కడిదో అడగండి.