టెంటు కొట్టాయి నుండి మాలు దాకా

డెంకణికోట వాళ్లకు తెలుగు సినిమా అంటే ముందుగా గుర్తుకొచ్చేది బస్సు. హోసూరుకు 25 కిలోమీటర్లు, అక్కడి నుండి బెంగుళూరుకు ఇంకో 40. పండక్కి కొత్త పిచ్చరు చూడాలంటే పొద్దున్నే సంగటి తిని బయలుదేరితే ఆఖరి బస్సుకు ఇల్లు చేరేవాళ్లం.

బస్సెక్కే పని లేకుండా సినిమానే మన దగ్గరికి వచ్చిన కాలం కూడా ఒకటుంది. రాగి కోతలై చేలు ఖాళీ పడ్డాక తళి దారిలో టెంటు కొట్టాయి వేసేవాళ్లు. సాయంత్రం మైకులో దేవుడి పాట వినిపించిందంటే టికెట్లు ఇస్తున్నారని గుర్తు. నేల, బెంచి, కుర్చీ అని మూడు తరగతులు. నేలంటే ఇసుకే. ముందువాడి తల అడ్డమొస్తే ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చునేవాళ్లం. మిషను ఒకటే కాబట్టి రీళ్లు మార్చినప్పుడల్లా ఇంటర్వెల్లు. ఆ సందుల్లోనే మురుకులూ శనక్కాయలూ అమ్ముడుపోయేవి.

మా అవ్వకు చదువు రాదు. తెర మీద పేర్లు పడుతుంటే నేను గట్టిగా చదివి వినిపించాలి. చుట్టుపక్కల నాలుగు చాపల వాళ్లూ చెవి ఒగ్గేవాళ్లు. తమిళ పిచ్చరైతే నవ్వు రెండు విడతలుగా వచ్చేది. అర్థమైనవాళ్లు ముందు నవ్వితే, పక్కవాళ్లు విడమరిచి చెప్పాక అవ్వలాంటి వాళ్లు నవ్వేవాళ్లు. తెలుగు పిచ్చరు పడిన రోజు టెంటంతా ఒక్కసారే నవ్వేది.

ఈ తిరిగే సినిమాకు తమిళదేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1905లో స్వామికన్ను విన్సెంట్ అనే రైల్వే ఉద్యోగి ఒక ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టరు కొని, డేరా వేసుకుంటూ ఊళ్లు తిరిగాడు. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోను అనే యంత్రం తెప్పించి బర్మా, సింహళం దాకా వెళ్లి బొమ్మలాడించాడు. 1910లలోనే మద్రాసులో గెయిటీ హాలు కట్టాడు. ఆంధ్రలో మొదటి హాలుగా చెప్పుకునే విజయవాడ మారుతీ 1921 నాటిది. అంటే తెలుగువాడు కట్టిన హాలు ఆంధ్రలో కంటే ముందు చెన్నపట్నంలో లేచింది. మనల్ని ఎక్కడి నుంచో వచ్చిన వాళ్లుగా చూసేవారికి ఈ సంగతి చెప్పాలి.

1955 చట్టం కింద టెంటుకూ లైసెన్సు తప్పనిసరి. అది ఇచ్చేది కలెక్టరు. కాబట్టి డెంకణికోట పక్క టెంటు కాగితాలు 1965 దాకా సేలం నుండి, తరువాత ధర్మపురి నుండి రావాలి. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడింది గానీ అప్పటికి టెంట్ల కాలం చెల్లింది. తమిళ సినిమా వ్యాపారంలో మన తాలూకాలు ఇప్పటికీ 'సేలం ఏరియా'. అయితే టెంటు యజమానికి ఆ ఏరియా లెక్క ఒక్కటే గాదు, ఎదురుగా కూర్చున్న జనం కూడా కనబడేవాళ్లు. పాత ప్రింటు తక్కువ బాడుగకు దొరుకుతుంది. "వచ్చేవారం తెలుగుది వెయ్యి సామీ" అని నేల టికెట్టు వాళ్లు అడిగితే వేసేవాడు. తెలుగు మీద ప్రేమతో కాదు, నేల నిండుతుందని. ఆ పాటి చాలదా?

అప్పటి సినిమా కూడా మనలాగే రెండు భాషల్లో బతికేది. 'మాయాబజార్' 1957లోనే తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. 1978 నాటి 'మరోచరిత్ర'ను తమిళంలోకి మార్చకుండానే మద్రాసు సఫైర్ థియేటరులో 596 రోజులు ఆడించారు. సఫైర్ ఆవరణలో బ్లూ డైమండ్, ఎమరాల్డ్ అని మరో రెండు హాళ్లు ఉండేవి. కట్టినది 1964లో. కాబట్టి ఒకే కప్పు కింద మూడు తెరలు పెట్టడమనేది మాల్ కనిపెట్టిన వింత కాదు. ఏ తెర మీద ఏమి ఆడాలో ఎవరు, ఎక్కడ కూర్చుని తేలుస్తారన్నదే కొత్త.

మన దేశంలో మల్టీప్లెక్సు 1997లో ఢిల్లీ సాకేత్‌లో మొదలయింది. అదీ అనుపమ్ అనే పాత హాలును నాలుగు తెరలుగా మార్చి. 2004లో బెంగుళూరు కోరమంగళలో 11 తెరల మల్టీప్లెక్సు వచ్చింది. 2023లో పీవీఆర్, ఐనాక్స్ ఒకటయ్యాయి. ఇంత పెద్ద సంస్థల్లో ఏ ఆట ఎక్కడో ప్రతి వారం ఆఫీసులో లెక్కలు చూసి తేలుస్తారు. ఆ లెక్కలో తమిళనాడు అంటే తమిళం, కర్ణాటక అంటే కన్నడం. సరిహద్దు అనే గడి అందులో ఉండదు.

మల్టీప్లెక్సును ఊరికే తిట్టడం మాత్రం న్యాయం కాదు. ఎనిమిది వందల సీట్ల హాలు యజమాని తెలుగు సినిమా వేసి ఖాళీ కుర్చీలను చూసి భయపడతాడు. రెండు వందల సీట్ల తెర అయితే రోజుకు ఒక ఆట ఇచ్చినా నష్టపోదు. బెంగుళూరులో మనకు తెలుగు దొరుకుతున్నది అలాగే. కూర్చోను శుభ్రమైన చోటు ఉంది, ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లి రాగలరు. టెంటులో ఈ మాట అనగలిగేవాళ్లమా? పాప్‌కార్న్ ధర సంగతి వేరే చెప్పాలి. ఆ డబ్బుతో మా అవ్వ ఊరంతటికీ సినిమా చూపించి ఉండేది.

పాత హాళ్లను కొట్టింది మాల్ ఒక్కటే కాదు. 2005 తరువాత రీళ్లు పోయి డిజిటల్ వచ్చింది. కొత్త సినిమా అదే రోజు చిన్న ఊరికి చేరడం మొదలయింది, మంచిదే. కానీ చిత్తూరు, కుప్పం, బెంగుళూరు తిరిగి అరిగిన ప్రింటు చవగ్గా మన దగ్గరికొచ్చే మూడో విడత ఆట దాంతోనే చచ్చిపోయింది. మన తెలుగు బతికింది ఆ మూడో విడతలోనే. డిజిటల్ సంస్థల రుసుముల మీద 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలే సినిమాలు ఆపేశారంటే చిన్న హాలువాడి గతి ఊహించుకోవచ్చు.

ఇక ప్రభుత్వాలు. 2006లో తమిళ పేరు పెట్టిన తమిళ చిత్రాలకు వినోదపన్ను తీసేశారు. 2017లో జీఎస్టీ మీద స్థానిక సంస్థల పన్ను వేస్తూ తమిళ చిత్రాలకు 10 శాతం, ఇతర భారతీయ భాషల వాటికి 20 శాతం అన్నారు. గొడవ జరిగాక తమిళానికి 8కి తగ్గించారు. అదే కుర్చీ, అదే ఏసీ; మాట మారితే పన్ను మారుతుంది. అవతల బెంగుళూరులో 2004లో వాణిజ్య మండలి వాళ్లు పరభాషా చిత్రాలు ఏడు వారాల తరువాతే రావాలన్నారు. రెండు వైపులా మనం పరభాషే. ఇప్పుడు పెద్ద తెలుగు సినిమాలన్నీ తమిళ మాటలతో కూడా వస్తున్నాయి. అందరికీ అమ్ముడయ్యే తమిళం చేతిలో ఉండగా తెలుగు ఎందుకు వేయాలని ఏ హాలువాడైనా అడుగుతాడు. అతణ్ణి తప్పు పట్టలేం.

మొన్న మనవణ్ణి తీసుకుని బెంగుళూరులో ఒక మాల్‌కు వెళ్లాను. 2006 చట్టం వచ్చాక బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకున్న పిల్లవాడు. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడతాడు, ఫోనులో 'తెలుగు' అని నొక్కి టికెట్టు తీసింది కూడా వాడే. లైట్లు ఆరి పేర్లు పడుతుంటే నా చెయ్యి గిల్లి, "తాతా, ఏమి రాసుండారు?" అన్నాడు. నేను పైకే చదివాను. ముందు వరుసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. వాడు మాత్రం, "ఇంకా చదువు" అన్నాడు.