ప్లాటినం లేని ప్లాటినం పాయింట్లు

ఉప్పల్‌లోనో నాచారంలోనో పాత బళ్ళు చూసే ఏదైనా షెడ్డుకి వెళ్ళి, ఎంత కిక్కు కొట్టినా స్టార్ట్ కాని బండిని నిలబెట్టండి. మెకానిక్ కాస్త వయసున్నవాడైతే మొదట అనే మాట "ప్లాటినం పాయింట్ చూడాలె సార్". నిజానికి అందులో ప్లాటినం రవ్వంత కూడా ఉండదు. ఉండేది టంగ్‌స్టన్. వందేళ్ళ క్రితం మాగ్నెటోల్లో ఆ చిన్న బిళ్ళల్ని నిజంగానే ప్లాటినంతో చేసేవారు, ఖరీదు ఎక్కువని తరవాత టంగ్‌స్టన్‌కి మారారు. లోహం మారినా పేరు మాత్రం మన ఉస్తాదుల నోట్లో అలాగే ఉండిపోయింది. ఆ వస్తువు కూడా అంతే. ప్రపంచమంతా వదిలేశాక చాలా ఏళ్ళు మన దగ్గర మిగిలింది. ఎందుకు మిగిలింది, దానివల్ల ఏం పుట్టింది అన్నదే నేను చెప్పబోయేది.

ముందు పాయింట్లు చేసే పని చెప్పేస్తాను. బ్యాటరీ ఇచ్చేది ఆరు వోల్టులు. ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. అందుకని కాయిల్‌లోకి కరెంటు పంపి, ఠక్కున ఆపేస్తారు. ఆపిన క్షణంలో కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కూలిపోతుంది, రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. ఆ ఠక్కున ఆపే స్విచ్చే పాయింట్లు. ఇంజన్‌తో పాటు తిరిగే కామ్ వాటిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. తెరుచుకున్నప్పుడు మధ్య ఉండే సందు మిల్లీమీటరులో మూడో వంతుకి కాస్త ఎక్కువ. అక్కడ నిప్పు లేచి బిళ్ళలు కాలిపోకుండా పక్కనే ఒక కండెన్సర్. అంతే. బాష్ కంపెనీలో గాట్లోబ్ హోనాల్డ్ 1902లో హై వోల్టేజ్ మాగ్నెటో చేశాడు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ, కాయిల్ పద్ధతిని 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్లకి పెట్టాడు. ఆ తరవాత అరవై ఏళ్ళపాటు మోటారు ప్రపంచం దాదాపు ఈ రెంటి మీదే నడిచింది.

ఇక మన కథ. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. 1961లో మైసూరులో ఐడియల్ జావా బళ్ళు బయటికొచ్చాయి, 1973 నుంచి వాటి పేరు యెజ్డీ. ఎస్కార్ట్స్ వాళ్ళు పోలండ్ డిజైన్‌తో రాజ్‌దూత్ చేశారు. బెంగుళూరు మైకో నుంచి ప్లగ్గులు, మద్రాసు లూకాస్ టీవీఎస్ నుంచి కరెంటు సామాన్లు. ఇవన్నీ దేశంలోనే తయారవ్వడం చిన్న విషయం కాదు. కానీ వీటిలో ప్రతి డిజైనూ అటూ ఇటూగా నలభైల చివర నుంచి అరవైల మొదటి దాకా పుట్టినదే. దాన్ని మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఎన్ని బళ్ళు చెయ్యాలో లైసెన్సు చెప్పేది, విదేశీ సామాను తెప్పించుకోవాలంటే ఇంకో లైసెన్సు, బజాజ్ స్కూటర్ బుక్ చేసినవాడు ఏళ్ళ తరబడి క్యూలో ఉండేవాడు. చేసిన ప్రతిదీ అమ్ముడుపోతుంటే ఇగ్నిషన్ మార్చాలన్న ఆలోచన ఎవడికి వస్తుంది?

ఇక్కడ ఒక తమాషా ఉంది. నాచారం నుంచి మల్లాపూర్, మౌలాలి దాటి వెళితే ఈసీఐఎల్ వస్తుంది. 1967లో పెట్టిన ఆ సంస్థ డెబ్భైల మొదట్లోనే టీడీసీ-12 అనే డిజిటల్ కంప్యూటర్ చేసి అమ్మింది. అంటే మన వృత్తికి తాతల్లాంటివాళ్ళు ఆ గేటు లోపల ట్రాన్సిస్టర్లతో కంప్యూటర్ కడుతుంటే, అదే గేటు బయట స్టాండులో నిలబెట్టిన బళ్ళన్నీ 1910 నాటి స్విచ్చుతో నడుస్తున్నాయి. 1969లో కవాసాకీ హెచ్1 మోటార్ సైకిల్ పాయింట్లు లేకుండా సీడీఐతో వచ్చింది. 1975కల్లా అమెరికాలో పెద్ద కార్ల కంపెనీలు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కి మారిపోయాయి. తెలివి లేక మనం ఆగలేదు. తెలివి ఉన్నచోటికీ బండి తయారయ్యే చోటికీ మధ్య దారి లేదు.

సరే, దీనివల్ల పుట్టినదేమిటంటే మెకానిక్.

ఉప్పల్, నాచారం, మల్లాపూర్ చుట్టూ ఇండస్ట్రియల్ ఏరియాలు. షిఫ్టుకి టైముకి చేరాలి. పాయింట్లు మాటిమాటికీ మాడేవి, కామ్‌కి రాసుకునే ఫైబర్ మడమ అరిగి సందు తగ్గిపోయేది, టైమింగ్ జారేది. అంచేత వీధి చివర ఒకడు ఉండి తీరాలి. వాడి పనిముట్లు చూస్తే నవ్వొస్తుంది: ఒక స్క్రూడ్రైవరు, ఉప్పుకాగితం ముక్క, రెండు తీగలు అతికించిన ఇండికేటర్ బల్బు. ఫీలర్ గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు. టైమింగ్ చూడాలంటే సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం. దాన్ని పాయింట్ల మధ్య పెట్టి చక్రం మెల్లగా తిప్పుతూ కాగితాన్ని సుతారంగా లాగుతుంటే, పాయింట్లు విడిపడే క్షణంలో అది జారి చేతికొస్తుంది. పాత బుల్లెట్‌కైతే అదీ అక్కర్లేదు, హెడ్‌లైట్ మీద ఆమ్మీటర్ ఉండేది. పాయింట్లు మూసి ఉంటే కాయిల్ కరెంటు లాగుతుంది, ముల్లు పక్కకి వాలుతుంది. తెరుచుకోగానే మధ్యకి వస్తుంది. బుల్లెట్ తోలేవాళ్ళు డీకంప్రెసర్ నొక్కి, ముల్లు చూసుకుని, అప్పుడు కిక్కు కొట్టేవారు. ఎడాపెడా తొక్కితే కిక్కు తిరగ్గొట్టి కాలు విరిగిన కథలు ప్రతి కాలనీలోనూ ఉంటాయి.

ఆ బల్బుతో వాళ్ళు చేసే పని మాత్రం అచ్చంగా మనం చేసే బైనరీ సెర్చే. బ్యాటరీ, కాయిల్ ఉన్న బండి అనుకోండి. తాళం తిప్పి, బల్బు ఒక తీగ బాడీకి, రెండోది కాయిల్‌కి బ్యాటరీ వైపున్న చివరకి. వెలిగితే అక్కడిదాకా అంతా బాగున్నట్టు. వెలక్కపోతే తాళం, ఫ్యూజు, మధ్యలో తీగలు. ఇప్పుడు బల్బుని కాయిల్ రెండో చివరకి, అంటే పాయింట్ల వైపుకి మార్చి ఇంజన్ మెల్లగా తిప్పాలి. వెలుగుతూ ఆరుతూ ఉంటే పాయింట్లు పనిచేస్తున్నాయి. ఎప్పుడూ వెలిగే ఉంటే అవి కలవట్లేదు, మసి పట్టాయి. అసలు వెలక్కపోతే ఎక్కడో తీగ బాడీకి తగులుతోంది, లేదా కండెన్సర్ షార్టయింది, లేదా కాయిల్ లోపలే తెగింది. కండెన్సర్ మీద అనుమానమైతే జేబులోని మంచిది బయటినుంచే తగిలించి చూస్తారు. పది నిమిషాల్లో తేలిపోతుంది. దీనికి వాడికి చదువు రానక్కర్లేదు, కానీ సర్క్యూట్ మొత్తం బుర్రలో ఉండాలి.

మాగ్నెటో బళ్ళ సంగతి వేరు. బజాజ్ చేతక్‌కి బ్యాటరీ లేకుండానే నిప్పు వచ్చేది. (ఆక్సిలరేటర్ తగ్గిస్తే హెడ్‌లైట్ మిణుగురు పురుగయ్యేది, గుర్తుందా?) దాన్ని ఆపాలంటే కరెంటుని బాడీకి కలిపేసి చంపాలి. కాబట్టి ఆపే స్విచ్చు తీగ తెగితే బండి ఆగదు, ఒలిచిపోయి బాడీకి తగిలితే స్టార్ట్ కాదు. బ్యాటరీ బండిలో తాళం తీగ తెగితే స్టార్టే కాదు. ఒకే లక్షణం, రెండు రకాల బళ్ళలో కారణాలు తలకిందులు. ఇక పాత బ్రిటిష్ బళ్ళలో బ్యాటరీ ప్లస్‌ని ఫ్రేముకి కలిపేవారు, ఎర్రతీగే ఎర్తు. ఎరుపంటే కరెంటే అనుకునే ఇంజనీరు వెళ్ళి చెయ్యి పెడితే అంతే సంగతులు :)

నా దగ్గర ఉన్న పాత బండి ఒక వానాకాలం కొత్త రోగం తెచ్చుకుంది. హారన్ కొడితే ఇంజన్ ఆగిపోయేది. ఉప్పల్ రింగ్ రోడ్డు సెంటర్లో, వెనక ఆర్టీసీ బస్సు ఉండగా, హారన్ కొట్టకుండా బండి నడపడం ఎలాంటిదో మీ ఊహకే వదిలేస్తున్నాను. నాచారంలో ఒక ఉస్తాద్ దగ్గరికి తీసుకెళితే ఇంజన్ వైపు కన్నెత్తి చూడలేదు. హెడ్‌లైట్ విప్పాడు. లోపల ఎవరో ఎప్పుడో నాలుగు తీగలు మెలేసి టేపు చుట్టారు. టేపు తీస్తే పచ్చగా చిలుము. "కరెంటు అందరికీ గీడికెళ్ళే పోతది సార్. హారన్ గుంజుకుంటె కాయిల్‌కి ఏం మిగుల్తది?" అన్నాడు.

లెక్క వేసి చూడండి. ఆ ముడిలో అర ఓము అడ్డు ఉందనుకుందాం. హారన్ నాలుగు ఆంపియర్లు లాగితే రెండు వోల్టులు అక్కడే పోతాయి. ఆరులో రెండు పోతే కాయిల్‌కి మిగిలేది నాలుగు, నిప్పు చావడానికి అది చాలు. అదే వాట్ల హారన్ పన్నెండు వోల్టుల బండిలో ఐతే రెండు ఆంపియర్లే లాగుతుంది, పోయేది ఒక్క వోల్టు. పన్నెండులో ఒకటి పోతే ఎవరికీ తెలియదు. అంటే అదే చిలుము, అదే ముడి, ఆరు వోల్టుల బండిని నాలుగు రెట్లు ఎక్కువ బాధిస్తుంది. పాత బండి వైరింగ్‌కి ఉన్న చెడ్డపేరులో సగం ఈ ఆరు వోల్టులదే. మిగతా సగం బాడీ ఎర్తుది. ఫ్రేమునే తిరుగు తీగగా వాడతారు కాబట్టి బోల్టు కింద తుప్పున్నా రంగున్నా దారి మూసుకుపోయినట్టే. ఇప్పుడు పాత బళ్ళకి పౌడర్ కోటింగ్ చేయించి అద్దంలా తీర్చిదిద్దాక స్టార్ట్ కావట్లేదని తలపట్టుకునేవాళ్ళు చాలామందే. కాయిల్ బిగించే చోట ఇంత మేర రంగు గోకితే బండి లేస్తుంది.

ఎనభైల్లో తలుపు కొంచెం తెరిచారు. వంద సీసీల దాకా విదేశీ భాగస్వామ్యానికి అనుమతి వచ్చాక 1984లో ఇండ్-సుజుకీ, 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 వచ్చాయి. ఆర్ఎక్స్‌లో పాయింట్లు లేవు. తిరిగే అయస్కాంతం ఒక చిన్న పికప్ కాయిల్‌ని దాటగానే సంకేతం పుడుతుంది, సీడీఐ డబ్బాలో నిల్వ ఉన్న ఛార్జి ఒక్కసారిగా కాయిల్‌లోకి దూకుతుంది. అరిగేది లేదు, మాడేది లేదు, సందు సరిచేసే పని లేదు. దీన్ని గొప్ప మేలు అనకపోతే అబద్ధమాడినట్టే. పాత బళ్ళ మీద మోజుతో "ఆ రోజులే వేరు" అనేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. మీకిప్పుడు ఆదివారం సరదాగా ఉన్న పని, అప్పట్లో షిఫ్టు లేటైతే జీతం కోత పడేవాడికి సరదా కాదు. పాయింట్లు చవగ్గా ఉన్నాయంటే మిగతా ఖర్చు బండి తొక్కేవాడి కాలు మీద, టైము మీద పడేదన్నమాట.

ఐతే ఆ డబ్బా లోపల రెసిన్ పోసి మూసేస్తారు. బల్బు పెట్టి చూడటానికి చోటు లేదు. "సీడీఐ పోయింది" అన్న మాట అప్పుడే పుట్టింది. ఇంకో బండిలోది పీకి పెట్టి చూడు, లేచిందా, రాణిగంజ్ వెళ్ళి కొత్తది కొను. తీగలో తప్పుంటే కొత్త డబ్బా పెట్టినా బండి లేవదు, అది కనిపెట్టాలంటే మళ్ళీ సర్క్యూట్ తెలిసినవాడే కావాలి. కానీ డబ్బా మార్చడంతో పని నేర్చుకున్న కుర్రాడికి ఆ అవసరం పడింది తక్కువ. బుల్లెట్‌లో మాత్రం కొన్ని మోడళ్ళు 2000 దాటాక కూడా పాయింట్లతోనే వచ్చాయి కాబట్టి ఆ విద్య ఇంకొన్నాళ్ళు బతికింది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది. కార్బురేటర్లు దాదాపుగా పోయాయి, నిప్పూ పెట్రోలూ రెండూ ఈసీయూ చేతికి వెళ్ళాయి. 2023 నుంచి దశలవారీగా ఓబీడీ-2. తప్పు ఎక్కడుందో బండే చెబుతుంది, నిజమే, మన లాగ్ ఫైలు లాంటిదే. కానీ చదవడానికి స్కానర్ కావాలి. కొన్నింట్లో మీటరు మీది దీపం ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టి కోడ్ తెలుసుకోవచ్చు. ఆ కోడ్ అర్థం చెప్పే మాన్యువల్ షెడ్డులో ఉండదు. కేంద్రం 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసి, అదే ఏడాది చివర్లో పోర్టల్ పెట్టింది, వాహనాలూ ఆ జాబితాలో ఉన్నాయి. వైరింగ్ బొమ్మలు, కోడ్ల పట్టికలు, చవకైన స్కానర్ రోడ్డు పక్క షెడ్డుదాకా రావాలి. లైసెన్సు రాజ్యం రోజుల్లో కొత్త వస్తువు మన దాకా రానివ్వలేదు. ఇప్పుడు వస్తువు వచ్చింది, దాన్ని విప్పి చూసే వీలు రాలేదు. తీర్పు చెప్పమంటే ఈ రెండోదే ఎక్కువ అన్యాయమంటాను. బల్బు, సిగరెట్ కాగితాలతో సర్క్యూట్ నేర్చుకున్నవాడికి కోడ్ల పట్టిక అర్థం కాదని ఎవరైనా అంటే నేను నమ్మను.

నాచారం ఉస్తాద్ దగ్గరికి ఇప్పుడు పాత బళ్ళవాళ్ళు ఎక్కువగా వచ్చేది పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించుకోవడానికి. మధ్యాహ్నం తెచ్చి పెడితే సాయంత్రానికి ఐపోతుంది. తీసేసిన పాయింట్ల ప్లేటు, కండెన్సరు ఆయన పారెయ్యడు. కిరోసిన్‌తో తుడిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఓనరుకి చెప్పి మరీ టూల్ బాక్సులో పెట్టి పంపుతాడు.