సంతకం పెట్టేముందు: కృష్ణానగర్‌లో నటన ఒప్పందాలు, శిక్షణ ఫీజులు

వేషాల కోసం జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చే పిల్లల్లో చాలామంది చేరేది కృష్ణానగర్‌కే. అన్నపూర్ణ స్టూడియోస్, ఫిల్మ్‌నగర్ దగ్గర. జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, లైట్‌మెన్ ఇరుకు గదుల్లో కలిసి బతికే చోటు. పరిశ్రమలో బంధువులుంటే తలుపు వాళ్లే తీస్తారు. ఎవరూ లేని దళిత కుటుంబాల పిల్లలు ఆ తలుపు దగ్గర డబ్బు కట్టాల్సి వస్తోంది. చాలాసార్లు అది వడ్డీకి తెచ్చిన డబ్బే. అందుకే తెలుసుకోవాల్సినవి ఇక్కడ చెబుతున్నాం.

ఏజెన్సీ వేరు, శిక్షణ వేరు

ఏజెన్సీ పని అవకాశం ఇప్పించడం. దాని ఆదాయం మీ పారితోషికంలో కమిషన్. శిక్షణ సంస్థ నేర్పినందుకు ఫీజు తీసుకుంటుంది, అది తప్పు కాదు. కానీ ఒకరే రెండూ చేస్తూ ‘కోర్సు చేస్తేనే వేషం’, ‘పోర్ట్‌ఫోలియో మా దగ్గరే తీయించుకోవాలి’ అంటే ఆగి ఆలోచించండి. మీకు వేషం రాకపోయినా వాళ్లకు రావాల్సింది వచ్చేసినట్టే.

కాగితంలో ఏం చూడాలి?

• కమిషన్ ఎంత శాతం? మీరు సొంతంగా తెచ్చుకున్న పనికీ ఇవ్వాలా?

• గడువు ఎన్నేళ్లు? గడువు లోపల వేరేవారితో పనిచేయకూడదన్న షరతు సాధారణంగా చెల్లుతుంది. గడువు ముగిశాక కూడా నటించకూడదంటే 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు.

• నోటిమాటగా ఇచ్చిన హామీ, ఫీజు వాపసు షరతు రాతలో ఉన్నాయా?

• 18 ఏళ్లు నిండనివారు సంతకం చేసిన ఒప్పందం చెల్లదు.

ఖాళీ కాగితంపై సంతకం చేయొద్దు. పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం ఒరిజినల్స్ ఇవ్వొద్దు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

మోసపోతే?

డబ్బు కట్టారు కాబట్టి మీరు వినియోగదారులు. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఊరికి తిరిగి వెళ్లిపోయినా హక్కు పోదు. రూ.5 లక్షల వరకు కట్టిన సొమ్ముకు ఫిర్యాదు రుసుం లేదు. హెల్ప్‌లైన్ 1915. వేషం ఇప్పిస్తామని అబద్ధం చెప్పి డబ్బు తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు.

ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది: 15100. డబ్బు అడిగినందుకు నలుగురి ముందు కులం పేరుతో తిడితే అది అట్రాసిటీ చట్టం కింద నేరం: 14566.

ఊళ్లో నవ్వుతారని చాలామంది ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పరు. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు రెండేళ్లే. ఆ మౌనంలోనే అది గడిచిపోతుంది. సంతకం చేసిన కాగితం ఫొటో ఒకటి ఈరోజే ఇంటికి పంపండి.