ఎర్ర సెల్లు నుంచి లిథియం సెల్లు దాకా: మన బేటరీ లైటు చరిత్ర



ఈ గ్రూపులో పోడు గురించి, అటవీ హక్కుల గురించి, మన పెద్దల పోరాటాల గురించి చాలా చరిత్ర చదువుకున్నాం. ఈసారి చిన్న వస్తువు చరిత్ర రాస్తన్నాను. జేబులో పట్టే టార్చిలైటు. మన ఊళ్లలో బేటరీ లైటు అంటారు గదా, అదే. పోస్టు పెద్దదే, కానీ ఆఖరి వరకు చదవండి. ఆఖర్లో ఉన్నది ఇంట్లో వాళ్ల ప్రాణానికి సంబంధించిన సంగతి.

మనకి ఈ లైటు సోకు కోసం కాదు. రాత్రి గెడ్డ దాటాలంటే లైటు కావాల. కట్లపాము తిరిగేది రాత్రే. 2007 నుంచి ఒడిశా వైపు నుంచి ఏనుగులు మన పార్వతీపురం, సీతంపేట కొండల్లోకి దిగుతున్నాయి. రోడ్డు లేని ఊరి నుంచి నెలలు నిండిన ఆడమనిషిని డోలీలో మోసుకెళ్లేటప్పుడు ముందు నడిచేవాడి చేతిలో ఉండేది కూడా ఈ లైటే.

ముందు మన తాతలకి కాగడా ఉండేది. తర్వాత కిరసనాయిలు బుడ్డి, లాంతరు. 1956లో పెట్టిన గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్, అదే మన జీసీసీ డిపోలో ఉప్పుతో పాటు కిరసనాయిలు కూడా తెచ్చుకునీవోరు. గాలి వస్తే దీపం ఆరిపోద్ది. చేతిలో పట్టుకొని అడవిలో నడవడం కష్టం.

బేటరీ లైటు పుట్టింది అమెరికాలో. 1896లో అక్కడ నేషనల్ కార్బన్ కంపెనీ పొడి సెల్లు అమ్మకానికి తెచ్చింది. 1899లో న్యూయార్క్‌లో డేవిడ్ మిసెల్ అనే ఆయనకి గొట్టం ఆకారం లైటు మీద పేటెంటు వచ్చింది. అప్పటి సెల్లులు బలహీనం, ఎక్కువసేపు వెలిగించలేకపోయేవారు. వెలిగించి వెంటనే ఆర్పాలి. ఇంగ్లీషులో దానికి 'ఫ్లాష్‌లైట్' అన్న పేరు అందుకే వచ్చింది.

మన దేశంలో 1934లో కలకత్తాలో ఎవరెడీ కంపెనీ రిజిస్టర్ అయింది. తర్వాత దాని పేరు యూనియన్ కార్బైడ్ ఇండియా. ఎక్కడో విన్న పేరులా ఉందా? 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి భోపాల్‌లో విషవాయువు వదిలిన పురుగుమందుల ఫ్యాక్టరీ కూడా ఆ కంపెనీదే. వేల మంది చనిపోయారు. పదేళ్ల తర్వాత, 1994లో, కంపెనీ కలకత్తా టీ వ్యాపారుల చేతికి వెళ్లింది, ఎవరెడీ అన్న పేరు మాత్రం నిలిచింది. మన తాతల టార్చిలో పడిన ఎర్ర సెల్లు వెనక ఇంత కథ ఉంది.

ఆ సెల్లు లోపల ఏటుంటుంది? బయట జింకు డబ్బా, మధ్యలో కార్బన్ పుల్ల, చుట్టూ నల్లటి పొడి. ఆ నల్ల పొడి మాంగనీసు డయాక్సైడు. మాంగనీసు అంటే మనకి కొత్త కాదు. భారతదేశంలో మాంగనీసు గని తవ్వకం మొదలైందే 1892లో, అప్పటి విశాఖపట్నం జిల్లాలో, ఇప్పటి మన విజయనగరం వైపు. ఆ ఖనిజం ఎక్కువగా ఉక్కుకే పోయింది. కానీ మన నేలలో దొరికే లోహమే మన చేతిలో దీపంగా వెలిగిందని తెలుసుకుంటే బాగుంటుంది గదా.

ఈ పొడి సెల్లుతో రెండు మూడు తరాలు బతికాం. దాంతో కొన్ని అలవాట్లు వచ్చాయి. సెల్లు నీరసించిందంటే ఎండలో పెట్టడం. కొత్తది ఒకటి, పాతది ఒకటి కలిపి వెయ్యడం. జేబులో చిల్లరతో పాటు పడెయ్యడం. పనికిరాకపోతే పిల్లలకి ఇవ్వడం, వాళ్లు రాయితో కొట్టి నల్లపుల్ల తీసి గోడల మీద గీయడం. పొడి సెల్లు వీటన్నిటినీ ఓర్చుకుంది. మహా అయితే కారిపోయి లైటు పాడయ్యేది, అంతే.

లిథియం సెల్లు అలా ఓర్చుకోదు. వస్తువు మారింది గానీ మన అలవాటు మారలేదు. ప్రమాదం ఇక్కడే ఉంది.

దీని కథ కూడా చెప్తాను. 1970ల్లో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం లోహంతో రీఛార్జి సెల్లు చేశారు. మంచి శక్తి, కానీ మంట భయం. 1989లో జపాన్‌లో అలాంటి సెల్లుల వల్ల ఫోన్లు కాలి, కంపెనీ అన్నీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 1980లో జాన్ గుడెనఫ్, 1985లో అకిరా యోషినో వేసిన దారిలో లోహం బదులు లిథియం అయాన్ల సెల్లు తయారైంది, 1991లో సోనీ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. వయసు మీద పడిన గుడెనఫ్ తరఫున నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది ఎవరో తెలుసా? తమిళనాడులో ఒక పల్లెలో పుట్టిన అరుముగం మంథిరామ్. పల్లె పిల్లలం మనం, ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

అయితే లోపల ద్రవం మండే రకమే. రెండు పొరల మధ్య ఉండేది వెంట్రుక కంటే పలచని ప్లాస్టిక్ తెర. దెబ్బ తగిలినా, ఎక్కువ ఛార్జి అయినా, బాగా వేడెక్కినా ఆ తెర పోతుంది. అప్పుడు వేడి వేడిని పుట్టిస్తుంది, ఆపడం కష్టం. పైగా టార్చి అంటే నీళ్లు చొరకుండా బిగించిన లోహపు గొట్టం. లోపల పుట్టిన గ్యాసుకి దారి లేకపోతే గొట్టమే పేలుతుంది. 2016లో సామ్‌సంగ్ లాంటి పెద్ద కంపెనీయే నోట్ 7 ఫోన్లు వెనక్కి తీసుకుంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. టార్చి సెల్లు వాటి కంటే చాలా చిన్నది, కానీ లోపలి గుణం ఒక్కటే.

మరి కొనేటప్పుడు ఏటి చూడాలి?

ఒకటి. మామూలు పెన్సిల్ సెల్లుతో వెలిగే ఎల్ఈడీ లైటు చాలు అనుకుంటే, నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జి సెల్లు కొనండి. 1.2 వోల్టులు. వెలుగు కొంచెం తక్కువైనా లోపల మండే ద్రవం ఉండదు. ఇంట్లో ముసలాళ్లకి ఇదే మేలు.

రెండు. లిథియంలో ఎక్కువ కనిపించేది 18650. అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ సైజులో నిజంగా పట్టేది సుమారు 3,500 ఎంఏహెచ్. సంతలో సెల్లు మీద 9,900 అని రాసి ఉంటే అబద్ధం. మంచి సెల్లు 45 గ్రాముల పైచిలుకు బరువుంటుంది. మరీ తేలిగ్గా ఉంటే వదిలెయ్యండి. పాత లాప్‌టాప్ సెల్లులకి కొత్త తొడుగు వేసి అమ్మడం కూడా ఉంది.

మూడు. ఐఎస్ 16046 అన్న గుర్తు, దాని కింద రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే నిజమో కాదో తెలుస్తుంది.

నాలుగు. 'ప్రొటెక్టెడ్' అని ఉన్న సెల్లు తీసుకోండి. ఎక్కువ ఛార్జి, ఎక్కువ ఖర్చు, షార్టు అయితే ఆపే చిన్న సర్క్యూట్ దానిలో ఉంటుంది. పొడవు కొంచెం ఎక్కువ, మీ లైటులో పడుతుందో లేదో చూసుకోండి. ఒకే సెల్లుతో పనిచేసే లైటు ఇంకా మంచిది, పాత కొత్త కలిపే పనే ఉండదు.

ఐదు. పెన్సిల్ సెల్లు సైజులో 14500 అనే లిథియం సెల్లు ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నా అది 3.7 వోల్టులు. పెన్సిల్ సెల్లు పడే చోట దాన్ని వెయ్యకూడదు.

ఆరు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం త్వరగా మండదు. కానీ అది 3.2 వోల్టులు, దాని ఛార్జరు వేరు. ఒకదాని ఛార్జరులో ఇంకోటి పెట్టొద్దు.

ఇంటికి తెచ్చాక: నిద్రపోతూ ఛార్జింగ్ పెట్టకండి. మంచం మీద, గడ్డి కప్పు కింద వద్దు, నేల మీద రాయి పలక వేసి పెట్టండి. ఎండలో పెట్టకండి. విడి సెల్లు జేబులో తాళాలతో, చిల్లరతో వెయ్యకండి, చిన్న ప్లాస్టిక్ డబ్బా చాలు. తొడుగు చిరిగినా, ఉబ్బినా, పట్టుకోలేనంత వేడెక్కినా ఇంక వాడొద్దు. అంటుకుంటే ముందు మనుషులు దూరం జరగాలి. కరెంటు తీసేశాక దూరం నుంచి ఎక్కువ నీళ్లు పొయ్యాలి. చచ్చిన సెల్లు పొయ్యిలో, గెడ్డలో వెయ్యొద్దు. రెండు కొసలకి టేపు చుట్టి దాచి, టౌనుకి వచ్చినప్పుడు ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే.

మా హాస్టల్లో ఒక్కో స్విచ్ బోర్డుకి ఆరేడు ఛార్జర్లు వేలాడుతుంటాయి. మీ దగ్గర కూడా అంతే అనుకుంటాను. ఆదివారం నాడు పది నిమిషాలు కూర్చొని గదిలో ఉన్న సెల్లులన్నీ చూడండి.

ఇంకొక్క మాట. సెల్లు మీద హెచ్చరిక ఇంగ్లీషులో ఉంటుంది, కొన్నిటి మీద చైనా అక్షరాల్లో. మా ఇంట్లో ఆ అక్షరాలు చదవగలిగిన మొదటి మనిషిని నేనే. మీలో చాలామంది ఇళ్లలో కూడా అంతే. పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల లైటు విప్పి చూడండి. సవరలోనో, కువిలోనో, మన తెలుగులోనో, వాళ్లకి అర్థమయ్యే మాటలో చెప్పండి: ఇది తాతల నాటి ఎర్ర సెల్లు కాదు, దీని సంగతి వేరు అని.

మీ ఊళ్లో ఏ రకం సెల్లులు అమ్ముతున్నారో కింద రాయండి. ఫోటో పెడితే అందరం కలిసి చూద్దాం.

జోహార్.