రాంచ్ నేపథ్యపు క్రైస్తవ ప్రేమ నవల

అమెరికా, కెనడాల పశ్చిమ ప్రాంతాల్లో పశువులనూ గుర్రాలనూ పెంచే విశాలమైన క్షేత్రాన్ని రాంచ్ అంటారు. ఎక్కడెక్కడో దెబ్బతిన్న ఇద్దరు మనుషులు అలాంటి చోటికి చేరి, పనిలోనే ఒకరినొకరు తెలుసుకుని, దేవుని మీద నమ్మకంతో తేరుకుని, పెళ్లితో ఒకటయ్యే కథలకు ఇంగ్లీషు ప్రచురణ రంగంలో ఒక శాఖే ఏర్పడింది. తెలుగువారికి కౌబాయ్ అనగానే 1971లో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ మెదులుతుంది. ఆ కౌబాయ్‌ది తుపాకీ, నిధి వేట. ఈ నవలల కౌబాయ్ కంచెలు బిగిస్తాడు, ఈనలేక అవస్థపడే ఆవు పక్కన రాత్రంతా కూర్చుంటాడు, తన తప్పును దేవుడు క్షమించాడని నమ్మలేక సతమతమవుతాడు.

ప్రేమ ఒక్కటే మనిషిని బాగుచేయలేదన్నది ఈ శాఖ మూలసూత్రం. విరిగిన మనసు ముందు దేవుని కృపలో కుదుటపడాలి, ఆ తర్వాతే మరొకరికి చోటివ్వగలదు. ప్రేమికులిద్దరూ ఒకరికొకరు తోడే తప్ప రక్షకులు కారు.

బైబిల్ మూలాలు

ఈ కథలకు రెండు బైబిల్ గ్రంథాలు ఆధారం. మొదటిది రూతు. భర్తను పోగొట్టుకున్న మోయాబు స్త్రీ రూతు, అత్త నయోమితో బేత్లెహేముకు వచ్చి, కోత చేలల్లో పరిగె ఏరుకుంటుంది. పొలం యజమాని బోయజు ఆమెను ఆదరించి పెళ్లాడతాడు. వితంతువు, కూలిపని, దయగల భూస్వామి: రాంచ్ నవల చట్రమంతా ఇందులో ఉంది. రెండోది హోషేయ. తనను విడిచిపోయిన భార్య గోమెరును హోషేయ ప్రవక్త వెల ఇచ్చి తిరిగి తెచ్చుకుంటాడు.

తొలి రచయితలు

ఆల్బర్టా కొండల దిగువన రాంచ్‌ల మధ్య సేవచేసే యువ పాస్టర్ కథను కెనడా ప్రెస్బిటేరియన్ పాస్టర్ చార్లెస్ గోర్డన్, రాల్ఫ్ కానర్ అనే కలంపేరుతో ‘ది స్కై పైలట్’ (1899)గా రాశాడు. అది ప్రేమకథ కాకపోయినా, విశ్వాసాన్ని పశువుల మందల మధ్యకు తెచ్చింది. 1902లో ఓవెన్ విస్టర్ ‘ది వర్జీనియన్’ వయోమింగ్ కౌబాయ్‌ని, తూర్పు నుంచి వచ్చిన బడిపంతులమ్మను జంట కలిపింది. ఆ జంట తర్వాతి నవలలెన్నిటికో నమూనా అయింది.

ఈ రెండు పాయలనూ కలిపిన రచయిత్రి గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ (1865–1947). పాస్టర్ అయిన భర్త 1899లో చనిపోగా, ఇద్దరు ఆడపిల్లలను పోషించడానికి ఆమె కలాన్నే నమ్ముకుంది. ‘ది గర్ల్ ఫ్రమ్ మోంటానా’ (1908)లో అయినవాళ్లందరినీ పోగొట్టుకున్న యువతి ఒంటరిగా గుర్రమెక్కి పారిపోతుంది. దారిలో ప్రేమా ప్రార్థనా రెండూ ఎదురవుతాయి. వందకు పైగా పుస్తకాలు రాసిన హిల్‌ను ఈ ప్రక్రియకు తల్లిగా చెప్పుకుంటారు.

జానెట్ ఓక్, 1979

ఆధునిక దశ మాత్రం ఒక్క పుస్తకంతో మొదలైంది. ఆల్బర్టాలోని చాంపియన్‌లో పుట్టిన జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ని బెథనీ హౌస్ 1979లో ప్రచురించింది. పడమటికి వలస వెళ్తున్న దారిలో భర్త చనిపోగా, గర్భవతి అయిన మార్టీ దిక్కులేనిదవుతుంది. భార్యను పోగొట్టుకున్న క్లార్క్ ఆమె ముందు ఒక ఒప్పందం పెడతాడు: పేరుకు పెళ్లి చేసుకుని తన పసిబిడ్డ మిస్సీని చూసుకోవాలి, వసంతం రాగానే ఇష్టమైతే తిరుగు ప్రయాణం ఖర్చు తానే పెట్టుకుంటాడు. కోడిని కోయడం, రొట్టె చేయడం నేర్చుకుంటున్న రోజుల్లోనే ఆమె దుఃఖం కొద్దికొద్దిగా సడలుతుంది. మూడో భాగం ‘లవ్స్ లాంగ్ జర్నీ’ (1982)లో పెద్దదైన మిస్సీ భర్తతో కలిసి రాంచ్ పెట్టడానికి పడమటికి సాగుతుంది. తొలి నవల 2003లో హాల్‌మార్క్ టీవీ చిత్రమైంది.

ఈ నవలకు దక్కిన ఆదరణను పెద్ద ప్రచురణ సంస్థలు గమనించాయి. 1984లో వచ్చిన ‘సిల్హౌట్ ఇన్‌స్పిరేషన్స్’ ఎక్కువ కాలం నిలవలేదు. హార్లెక్విన్ 1997లో మొదలుపెట్టిన ‘లవ్ ఇన్‌స్పైర్డ్’ వరుస మాత్రం నిలదొక్కుకుంది. దాని జాబితాలో రాంచ్ కథలకు ఇప్పటికీ పెద్ద పీటే.

గాయం లోతు

వైధవ్యం, అనాథత్వం వరకే ఉన్న బాధను రచయిత్రి ఫ్రాన్సిన్ రివర్స్ ఇంకా లోతుకు తీసుకెళ్లింది. ‘రిడీమింగ్ లవ్’ (1991) హోషేయ కథను 1850ల కాలిఫోర్నియా బంగారు వేట రోజుల్లోకి తెచ్చింది. అందులో నాయకుడిది రాంచ్ కాదు, వ్యవసాయం. పసితనంలోనే వ్యభిచారానికి అమ్ముడైన ఏంజెల్, తనను పెళ్లాడిన మైకేల్‌ను నమ్మలేక మళ్లీ మళ్లీ పారిపోతుంది. క్రైస్తవ నవల ముట్టుకోవడానికి జంకిన లైంగిక హింస ఇక్కడ కథకు కేంద్రమైంది. తర్వాతి రాంచ్ నవలల్లో గృహహింస నుంచి తప్పించుకున్న స్త్రీలు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, రోడియో అనే కౌబాయ్ స్వారీ పోటీల్లో నడుం విరిగినవారు నాయికా నాయకులయ్యారు.

రాంచే ఎందుకు? అక్కడ ఇద్దరు పెద్దగా మాట్లాడకుండానే గంటల తరబడి పక్కపక్కన పనిచేయవచ్చు. బెదిరిన గుర్రాన్ని మచ్చిక చేసే మనిషి ఓర్పు, చేతి మెత్తదనం మాటల కన్నా ముందు కనిపిస్తాయి. పడకగది దృశ్యాలు, బూతులు లేకుండా ప్రేమను నడపాల్సిన రచయిత్రికి ఈ పనులే ఆసరా. అవిశ్వాసులతో జతకూడవద్దనే రెండవ కొరింథీయుల పత్రిక 6:14 కూడా కథను నడిపిస్తుంది. పెళ్లికి ముందే ఇద్దరూ విశ్వాసంలోకి రావాలి.

పాఠకురాళ్లనూ రచయిత్రులనూ కలిసి మాట్లాడిన మత అధ్యయన పరిశోధకురాలు లిన్ నీల్, ‘రొమాన్సింగ్ గాడ్’ (2006)లో వారి చదువును వారి భక్తి జీవితంలో భాగంగానే చూపింది.

2021 వివాదం

చరిత్రలోని కౌబాయ్ నెలకు పాతిక నుంచి నలభై డాలర్ల జీతానికి పనిచేసిన కూలీ. ప్రతి నలుగురిలో ఒకరు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. పశువుల పనిలో చాలా మెళకువలు మెక్సికన్ల నుంచి వచ్చినవే. నవలల్లో మాత్రం చాలాకాలం నాయకులు దాదాపు అందరూ తెల్లవారే.

కథను తెల్లవారి వైపు నుంచే చూసే ఈ ధోరణి 2021లో రచ్చకెక్కింది. కరెన్ విట్‌మేయర్ నవల ‘ఎట్ లవ్స్ కమాండ్’ (2020) నాయకుడు 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ అనే చోట లకోటా ఆదివాసీలను ఊచకోత కోసిన అశ్వికదళంలో అధికారి. ఆ పశ్చాత్తాపమే అతన్ని కొత్త దారి పట్టిస్తుంది. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంస్థ దీనికి వివియన్ పురస్కారం ప్రకటించి, తీవ్ర విమర్శలు రావడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఒక జాతి మరణాన్ని ఒక తెల్ల సైనికుడి ఆత్మశుద్ధికి మెట్టుగా వాడుకున్నారన్నది విమర్శకుల ఆక్షేపణ.

ఆ ఆక్షేపణ న్యాయమైనదే. మారుమనస్సును ఇంత గట్టిగా నమ్మే సాహిత్యం, బాధ పెట్టినవాడి కన్నీళ్లతో పాటు బాధపడినవారి పేర్లనూ చెప్పాలి. ఈ శాఖను తెలుసుకోగోరే పాఠకులు ఓక్, రివర్స్, విట్‌మేయర్ నవలలను ఆ వరుసలోనే చదివితే, దాని బలమూ అది ఇంకా తీర్చాల్సిన బాకీ రెండూ తెలుస్తాయి.