పది దాటితే పాఠం తప్పే

సియోల్. 2009. గంగ్నమ్ ప్రాంతంలోని దేచీ-డాంగ్. ఆ ఏడాది అక్కడి రాత్రులు దాదాపు ఇలాగే గడిచాయి.

టైము 9:52. సన్నగా వాన. రోడ్డు పక్కన కార్లు బారులు తీరాయి. లోపల అమ్మలు. వైపర్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎదురుగా ఆరంతస్తుల బిల్డింగు. అంతస్తుకో బోర్డు: లెక్కలు, ఇంగ్లిష్, సైన్సు, మళ్లీ లెక్కలు. అన్నీ హాగ్వన్లే. అంటే ట్యూషన్ సెంటర్లు.

బస్‌స్టాపు నీడలో ముగ్గురు నిలబడ్డారు. జిల్లా విద్యా కార్యాలయం మనుషులు. చంకలో ఫైలు, చేతిలో టార్చి.

"ఇంకెంతసేపు సార్?" కుర్రాడు అడిగాడు.

"ఎనిమిది నిమిషాలు. అందాకా అది పాఠమే."

"ఆ తర్వాత?"

పెద్దాయన మాట్లాడలేదు. టార్చి ఓసారి వెలిగించి ఆర్పాడు.

ట్యూషన్ మీద అక్కడి సర్కారు యుద్ధం ఇవాళ్టిది కాదు. 1980 జులై 30. గ్వాంగ్జులో సైన్యం జనాన్ని కాల్చి రెండు నెలలు దాటింది. పెత్తనం చేతికి తీసుకున్న జనరల్ చున్ డూ-హ్వాన్ సర్కారు ఒక్క దెబ్బతో ప్రైవేటు ట్యూషన్లు బంద్ అంది. ఉన్నోడి పిల్లలకో చదువు, లేనోడి పిల్లలకో చదువా అన్న మంట జనంలో నిజంగానే ఉంది. జనరల్‌కి ఆ జనం మెప్పు కావాలి. మరి ట్యూషన్ ఆగిందా? చీకట్లో దూరింది. కదిలే కార్లో, ఊరవతల బంగళాలో, అర్ధరాత్రి దాటాక. జనం దానికి 'గుడ్లగూబ ట్యూషన్' అని పేరు కూడా పెట్టారు. 2000 ఏప్రిల్ 27న రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టిపారేసింది. ఇక సర్కారు చేతిలో గట్టిగా మిగిలింది గడియారమే: సియోల్ హాగ్వన్లు రాత్రి పదికల్లా మూసెయ్యాలన్న రూలు.

దాని మీదా చెయ్యి పడింది. 2008 మార్చిలో సియోల్ నగర మండలి విద్యా కమిటీ టైము హద్దే ఎత్తేద్దామంది. రేయింబవళ్లు ట్యూషన్! పిల్లలు పడుకునేదెప్పుడని ఊరంతా గగ్గోలు. వారం తిరక్కుండా మండలి తోక ముడిచింది. పది గంటలు పది గంటలుగానే మిగిలాయి.

పదయింది.

మొదట మూడో అంతస్తు ఆరింది, ఆ వెంటే రెండు, ఆరు, నాలుగు, ఒకదాని వెనక ఒకటి, మెట్ల మీద చెప్పుల చప్పుడు జలపాతంలా కిందికి దూకింది, బరువు బ్యాగులు, నిద్ర కళ్లు, సగం తెరుచుకున్న గొడుగులు, పేరు పెట్టి పిలిచే అమ్మలు, హారన్లు, పసుపు వ్యాన్లు, అయిదు నిమిషాల్లో వీధి కిక్కిరిసి, ఇంకో అయిదు నిమిషాల్లో ఖాళీ అయిపోయింది. బిల్డింగంతా చీకటి.

అయిదో అంతస్తు తప్ప.

కిటికీకి నల్ల తెర. తెర అంచున దారమంత వెలుగు.

కబురు ముందే అందింది. 2009 జులై నుంచి సర్కారు ఎర వేసింది మరి: రూలు తప్పిన హాగ్వన్‌ని పట్టిస్తే డబ్బు. కెమెరాలు పట్టుకు తిరగడమే కొందరికి వృత్తయింది. వాళ్లకి 'హాగ్‌పరాజీ' అని పేరు పడింది. ఆ విద్య నేర్పే క్లాసులూ వెలిశాయి. ట్యూషన్‌ని పట్టించడానికి ట్యూషన్!

ముగ్గురూ మెట్లెక్కారు. తలుపు తట్టారు. లోపల గుసగుస ఆగింది. కుర్చీ ఒకటి కీచుమంది. తలుపు మాత్రం కదల్లేదు.

రెండోసారి తట్టాక తెరుచుకుంది.

ఇరుకు గది. పదిమంది పిల్లలు. తడి గొడుగుల వాసన, నూడిల్స్ వాసన. బోర్డు మీద సగంలో ఆగిన లెక్క.

"క్లాసు కాదండీ. వాళ్లంతట వాళ్లే చదువుకుంటున్నారు," అన్నాడు మాస్టారు.

"మీ వేలి మీద మార్కరు మరక ఇంకా తడిగానే ఉందండీ."

మాస్టారు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. పెద్దాయన ఫైలు తెరిచాడు. టైము 10:14. పెన్ను కదులుతుండగా వెనక బెంచీలోంచి ఓ గొంతు.

"సార్, ఈ లెక్క పూర్తయ్యాక వెళ్తాం. నవంబర్‌లో పరీక్ష."

ఆ పరీక్ష పేరు సునుంగ్. యూనివర్సిటీ సీటుకి అది కీలకం. పెద్దాయన పెన్ను ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

పిల్లలు దిగి వెళ్లారు. పడుకోవడానికేం కాదు. ఇంట్లో కంప్యూటర్ తెరిస్తే ఆన్‌లైన్ పాఠం సిద్ధం. దానికి పది గంటల రూలు లేదు.

ఆ రూలు మీద హాగ్వన్లు వేసిన కేసులో అదే ఏడాది అక్టోబర్ 29న తీర్పొచ్చింది. పది గంటల హద్దు రాజ్యాంగబద్ధమేనని, పిల్లల నిద్రా ఆరోగ్యమూ ముఖ్యమేనని న్యాయస్థానం తేల్చింది. హాగ్వన్ల వాదన వీగిపోయింది.

సియోల్ నిబంధనలో ఇంకో అంకె కూడా ఉంది. రాత్రి 10కి మూసిన హాగ్వన్, ఉదయం 5 గంటలకు మళ్లీ తెరవచ్చు.